కొన్న వస్తువు మనదే – దానిలోని ప్రోగ్రాం ఎవరిది?



సైకిల్ కొంటే హ్యాండిల్ మార్చుకుంటాం, క్యారియర్ బిగించుకుంటాం. తయారుచేసిన కంపెనీ అడ్డు చెప్పదు. సెల్‌ఫోను, కాలిక్యులేటరు అలా కాదు. వాటిలో వస్తువుతోపాటు ప్రోగ్రాం కూడా ఉంటుంది. వస్తువు మనదైనా ప్రోగ్రాం మీద కాపీరైటు కంపెనీదే. తగాదా ఇక్కడే మొదలవుతుంది.

విదేశాల్లో జరిగినవి

సోనీ కంపెనీ 1999లో ‘ఐబో’ అనే కుక్క రోబోను అమ్మకానికి పెట్టింది. దాన్ని కొన్న ఒకాయన అది డ్యాన్స్ చేసేలా ప్రోగ్రాములు రాసి నలుగురికీ పంచాడు. 2001లో సోనీ ఆయనకు నోటీసు పంపింది. అమెరికాలో 1998లో వచ్చిన చట్టం ప్రకారం ప్రోగ్రాంకు వేసిన తాళం తీయడమే తప్పు. ఐబో కొన్నవాళ్ళు నిరసన తెలపడంతో సోనీ వెనక్కి తగ్గింది.

2009లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కాలిక్యులేటర్లకు వేసిన 512 బిట్ల తాళాన్ని వాడుకదారులు లెక్కకట్టి కనుక్కున్నారు. ఆ సంఖ్యను తొలగించాలని కంపెనీ నోటీసులిచ్చింది.

మన రాష్ట్రంలో జరిగినది

2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ సుమారు రూ. 10,500 విలువైన ఫోనును మొదట రూ. 3,350 కడితే ఇచ్చేది. అయితే అది మూడేళ్ళ ఒప్పందం, ఫోను రిలయన్స్ నెట్‌వర్క్‌లోనే పనిచేసేలా తాళం. టాటా ఇండికామ్ సిబ్బంది ఆ ఫోన్ల ఎలక్ట్రానిక్ సీరియల్ నంబరు మార్చి తమ నెట్‌వర్క్‌లోకి తిప్పుకుంటున్నారన్న ఫిర్యాదుపై సి.ఐ.డి. కేసు పెట్టింది. 2005 జులైలో మన హైకోర్టు, సెల్‌ఫోను కూడా చట్టం దృష్టిలో కంప్యూటరేనని, ఆ నంబరు మార్చడం ఐ.టి. చట్టం 65వ సెక్షన్ కిందికి వస్తుందని చెప్పి దర్యాప్తును కొనసాగనిచ్చింది. ఈ తీర్పు ఎవరినీ దోషిగా తేల్చలేదు.

మన చట్టం ఏమంటోంది?

కాపీరైటు చట్టం 52వ సెక్షన్ మనకు మూడు వీలులు ఇస్తోంది.

1. సక్రమంగా పొందిన ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో గమనించవచ్చు, పరీక్షించవచ్చు.

2. మనం సొంతంగా రాసిన ప్రోగ్రాం దానితో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం వేరేచోట సులువుగా దొరకనప్పుడు, దాని నుంచే రాబట్టవచ్చు.

3. వ్యాపారం కోసం కాక, సొంత వాడకానికి మార్పులు చేసుకోవచ్చు.

2012లో చేర్చిన 65-ఎ సెక్షన్ ప్రకారం, కాపీరైటును ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ళ వరకు జైలు, జరిమానా. చట్టం నిషేధించని పనికి తీస్తే ఈ సెక్షన్ వర్తించదు. అయితే ఇంకొకరి కోసం తీసిపెట్టేవారు వారి పేరు, చిరునామా, కారణం రాసి ఉంచుకోవాలి. నర్సీపట్నంలో సెల్ రిపేరు షాపు పెట్టుకున్న మన పూర్వ విద్యార్థులు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఫోను ఐ.ఎం.ఇ.ఐ. నంబరు మార్చడం మాత్రం ఎప్పుడూ నేరమే.

ముగింపు

మన హాస్టళ్ళలో కొత్త కంప్యూటరు కొనగలిగేవారు తక్కువ. పాత వస్తువును విప్పి చూసి, దానికి ప్రోగ్రాం రాసి నేర్చుకోవడమే మనకున్న ప్రయోగశాల. కంపెనీ నోటీసు అనగానే ఆ ప్రయోగశాల మూసేయకండి. ఏది హక్కో, ఏది నేరమో ముందు తెలుసుకోండి. తర్వాత ధైర్యంగా స్క్రూడ్రైవర్ పట్టండి.