రియర్ అడ్మిరల్ డేవిడ్ మార్టిన్

ఆస్ట్రేలియా ఖండమున ఆగ్నేయ తీరమునందు న్యూ సౌత్ వేల్స్ అను రాష్ట్రము కలదు. సిడ్నీ నగరము దానికి రాజధాని. ఆదివాసులు అనాదిగా నివసించుచున్న ఆ నేలపై 1788వ సంవత్సరము జనవరి నెలలో ఆంగ్లేయులు పదునొకండు ఓడలతో వచ్చి దిగిరి. వారి నాయకుడైన ఆర్థర్ ఫిలిప్ నౌకాదళమున కెప్టెన్. ఆయనయే ఆ వలసకు మొదటి గవర్నరు. తరువాత వచ్చిన హంటర్, కింగ్, బ్లై అను మువ్వురును నావికులే. ఓడపై కెప్టెన్ మాట ఎట్లో ఆ కాలమున నేలపై గవర్నరు మాట అట్లు చెల్లుచుండెను. భూములను పంచిపెట్టుట, శిక్షితులను క్షమించుట మున్నగునవన్నియు ఆయన చేతిలోనివే.

అట్టి గవర్నరును ఎదిరించినవాడు ఒకడు కలడు. విలియం బ్లై సారాయి వ్యాపారమును అరికట్టబూనగా సేనాధికారులకును ఆయనకును వైరము ముదిరెను. 1808 జనవరి 26వ తేదీన మేజర్ జార్జి జాన్‌స్టన్ సైనికులను వెంటబెట్టుకొని పోయి బ్లైని నిర్బంధించెను. అందులకు 1811లో లండనులో విచారణ జరిగి, ఆతని ఉద్యోగము ఊడెను. ఆతని భార్య ఎస్తేర్ అబ్రహామ్స్, లేసు దొంగిలించిన నేరమునకు ఓడ నెక్కించి పంపబడిన శిక్షితురాలు. ఈ దంపతుల వంశమున పుట్టినవాడే డేవిడ్ మార్టిన్. గవర్నరును బంధించినవాని సంతతివాడు నూట ఎనుబది యేండ్ల తరువాత ఆ రాష్ట్రమునకే గవర్నరగుట వింత కాదా!

డేవిడ్ 1933లో జన్మించెను. తండ్రి విలియం మార్టిన్ 'పెర్త్' అను యుద్ధనౌకలో ఉన్నతాధికారి. జావా, సుమత్రా దీవుల నడుమ సుండా జలసంధి కలదు. 1942 మార్చి 1వ తేదీన అచట జపాను నౌకలతో పోరాడుచు పెర్త్ మునిగిపోయెను. మూడువందల యేబదికి పైగా మరణించిరి. విలియం మార్టిన్ మరల ఇల్లు చేరలేదు. అప్పటికి డేవిడ్‌కు ఎనిమిదేండ్లు. తండ్రిని మ్రింగిన సముద్రమన్న ఆ బాలునకు వెరపు కలుగవలసినది. కాని 1947లో, పదుమూడేండ్ల ప్రాయముననే, అతడు నౌకాదళ కళాశాలలో చేరెను.

నలుబది యేండ్లకు పైగా ఆయన నౌకాదళమున కొలువు చేసెను. 'టోరెన్స్' మొదలగు నౌకలకును, విమానవాహక నౌకయైన 'మెల్‌బోర్న్'కును అధిపతియై, రియర్ అడ్మిరల్ పదవి నందుకొని, 1988లో విరమించెను. 1989 జనవరి 20వ తేదీన న్యూ సౌత్ వేల్స్ గవర్నరుగా ప్రమాణము చేసెను.

ఫిలిప్ నాటి గవర్నరు పదవి వేరు, ఈ పదవి వేరు. శాసనసభను ప్రారంభించుట, బిల్లులపై సంతకము చేయుట, మంత్రులచేత ప్రమాణము చేయించుట - ఇవి గవర్నరు పనులు. కాని మన రాష్ట్రములందు వలెనే వీనిలో చాలవరకు మంత్రుల సలహాను అనుసరించియే జరుగవలెను. 1932లో సర్ ఫిలిప్ గేమ్ అను గవర్నరు ముఖ్యమంత్రి జాక్ లాంగ్‌ను తొలగించిన మాట నిజమే. అట్టివి మిక్కిలి అరుదు. వందలమందికి ఆజ్ఞలిచ్చి అలవాటుపడినవాడు ఆజ్ఞలే లేని ఆసనమున కూర్చుండుట సులభము కాదు. మార్టిన్ ఆ పదవిని జనులను కలిసికొనుటకు సాధనముగా మలచుకొనెను. నిలువనీడ లేని యువకుల దుఃస్థితి ఆయన మనస్సును ముఖ్యముగా కలచెను.

ఇంతలో వ్యాధి బయటపడెను. వేడికి కాలని రాతినారను ఆ కాలపు ఓడలలో ఆవిరి గొట్టములకును, బాయిలర్లకును చుట్టెడివారు. దాని సన్నని పోగులు ఊపిరితో లోనికి పోయినచో, ఇరువది, ముప్పది, ఒక్కొక్కప్పుడు నలుబది యేండ్లకు గాని చేటు కానరాదు. మన యిండ్లపై కప్పెడి సిమెంటు రేకులలో పెక్కింటియందు ఈ నారయే కలదు. ఆస్ట్రేలియాలో దాని వాడుక 2003 డిసెంబరు 31 నాటికి పూర్తిగా నిషేధింపబడెను. ఆ నిషేధము మార్టిన్‌కు అక్కరకు రాలేదు. తండ్రిని యుద్ధనౌక ఒక్క రాత్రిలో తీసికొనిపోయెను; కుమారుని ఊపిరితిత్తుల పొరలో నౌకలే మెల్లగా క్యాన్సరును నాటెను.

1990 ఆగస్టు 7వ తేదీన ఆయన పదవిని వదలెను. మూడవ దినమున, 10వ తేదీన, ఏబది యేడవ యేట కన్నుమూసెను. పీటర్ సింక్లెయిర్ అను మరియొక రియర్ అడ్మిరల్ ఆ స్థానమునకు వచ్చెను. మార్టిన్ కోరిక ననుసరించి ఆయన పేర నెలకొల్పబడిన నిధి, దారితప్పిన యువతీయువకులకు నేటికిని తోడ్పడుచున్నది.