ఆ గడి నింపే ముందు

అమ్మడూ,

ఆరోగ్య సబ్‌సెంటర్లో చేరావట, మీ అమ్మ చెప్పింది. ముందుగా నీ చేతికొచ్చేది ఈసీ రిజిస్టరే, అంటే అర్హ దంపతుల రిజిస్టరు. భార్య వయసు 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి జంటా అందులోకి ఎక్కాలి. పేర్లు, వయసులు, పిల్లల లెక్క ఒక్క పూటలో రాసేయొచ్చు. ఇంకా పిల్లలు కావాలా అన్న దగ్గర మాత్రం తొందరపడకు.

అరుగు మీద కూర్చుని అడిగితే జవాబు అత్తగారిదే. "ఇద్దరూ ఆడపిల్లలేగా, ఇంకో కాన్పు చూద్దామనుకుంటున్నాం" అంటుంది. కోడలు తలొంచుకుని చంటిదాని చొక్కా సర్దుతుంటుంది. అదే రాసుకొస్తే అత్తగారి కోరిక కోడలి పేరున రికార్డుకెక్కుతుంది. చంటిదాన్ని తూకం వేయాలని చెప్పి లోపలికి నడువు, అక్కడ కోడల్ని అడుగు. వద్దంటే, "అసలే వద్దా, ఇప్పుడప్పుడే వద్దా?" అని ఇంకోటి అడుగు.

మన దగ్గర ఈ రెండో ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. వెంటవెంటనే రెండు కాన్పులు, ఆపైన ఆపరేషన్. ఎడం ఊసే ఉండదు. ఎడం కావాలంటే మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ ఉంది, ఛాయ మాత్ర ఉంది, రకాన్ని బట్టి ఐదేళ్లో పదేళ్లో పనిచేసే కాపర్-టి ఉంది. ఇంజెక్షన్‌తో నెలసరి తప్పొచ్చని, మానేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చని ముందే చెప్పు. చెప్పకపోతే మొదటి నెలసరి తప్పగానే కడుపొచ్చిందేమోనని హడలిపోతారు.

ఇద్దరికి మించి కంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో చట్టం చేసిన మన రాష్ట్రమే 2024లో ఆ నిబంధన ఎత్తేసింది. ఇప్పుడు ఇంకా కనమంటున్నారు! పైవాళ్ల మాట మారినప్పుడల్లా నీ రిజిస్టరులో గడులు మారనక్కర్లేదు.

భర్తను వదిలేయకు. పగలు దొరకడు, ఆశ కార్యకర్తను తోడు తీసుకుని సాయంత్రం వెళ్లు. అతణ్ణీ విడిగానే అడుగు, ఆమె చెప్పింది ఆమె ఒప్పుకోనిదే అతని చెవిన వేయకు. ఆపరేషన్ మాటెత్తితే "ఒంట్లో సత్తువ పోతుంది, బస్తా ఎత్తలేను" అంటాడు. సత్తువకేమీ కాదని, మగవాళ్లకైతే కుట్టు కూడా పడకుండా అయిపోతుందని, ఆడవాళ్లకు పొట్ట కోయాలని చెప్పు. ఒకవేళ ఒప్పుకుంటే, తర్వాత మూడు నెలలు నిరోధ్ వాడాలని, వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాకే మానాలని ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పు. ఈ మాట చెప్పడం మరిచావో, ఈలోగా ఆమె నెల తప్పితే ఊరంతా వేలెత్తి చూపేది ఆమెనే.

మీ పెద్దమ్మ