పూలతోట తర్వాతే విల్లు ఎందుకు?

రామాయణం కథ మనందరికీ తెలుసు. అందుకే కథ మొత్తం జోలికి పోకుండా ఒక్క సీన్ తీసుకున్నా. రామానంద్ సాగర్ తీసిన 'రామాయణ్' సీరియల్‌లో సీత (దీపికా చిఖ్లియా), రాముడు (అరుణ్ గోవిల్) మొదటిసారి ఒకరినొకరు చూసుకునే పుష్పవాటిక సీన్. ఇది కథకు అందం కోసం పెట్టిన లవ్ ట్రాక్ మాత్రమే కాదని, దీని వల్ల తర్వాత వచ్చే శివధనుస్సు సీన్ అర్థమే మారిపోతుందని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్

ఈ సీరియల్ దూరదర్శన్‌లో 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 వరకు ఆదివారం పొద్దున వచ్చింది. మొత్తం 78 ఎపిసోడ్లు. అప్పుడు మా అమ్మ చిన్నపిల్ల. గోదావరిఖనిలో వాళ్ల క్వార్టర్ల లైన్ మొత్తానికీ ఒకే ఇంట్లో టీవీ ఉండేదట. బాయిలో నైట్ షిఫ్ట్ దిగి వచ్చినోళ్లు కూడా నిద్ర ఆపుకుని చూసేవాళ్లట. 2020 మార్చి 28 నుంచి లాక్‌డౌన్‌లో మళ్లీ వేసినప్పుడు నేను అమ్మ పక్కన కూర్చుని చూశా. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియం కాబట్టి నాకు రామాయణం పద్యాల్లో కంటే తెర మీదే ముందు పరిచయం.

సాగర్ ఒక్క పుస్తకాన్నే నమ్ముకోలేదు. టైటిల్స్‌లో వాల్మీకి, తులసీదాసు, కంబన్ రామాయణాలతో పాటు మన రంగనాథ రామాయణం పేరు కూడా ఉంటుంది. పూలతోట సీన్ మాత్రం తులసీదాసు 1574లో మొదలుపెట్టిన 'రామచరితమానస్' నుంచి వచ్చింది.

వాల్మీకిలో ఈ సీన్ లేదు

వాల్మీకి బాలకాండలో పెళ్లికి ముందు సీతారాములు కలవరు. ఎనిమిది చక్రాల పెట్టెలో ఉన్న వింటిని ఐదు వేల మంది లాక్కొస్తారు, రాముడు ఎక్కుపెడతాడు, అది విరుగుతుంది. సీత 'వీర్యశుల్క', అంటే పరాక్రమమే ఆమెకు కట్టే వెల. ప్రేమ మాట కాండ చివర్లో వస్తుంది. తండ్రి చేసిన పెళ్లి కాబట్టి ముందు ఆమె ప్రియమైంది, తర్వాత గుణం వల్ల, రూపం వల్ల ప్రేమ ఇంకా పెరిగింది అంటాడు. మన ఇళ్లలో పెద్దలు చెప్పే లాజిక్ అచ్చం ఇదే: పెళ్లి కానీ, ప్రేమ అదే వస్తది.

కంబన్ ఈ వరుస మార్చాడు. మిథిల వీధిలో నడిచే రాముడు, మేడ మీద సీత, ఇద్దరి చూపులూ కలుస్తాయి. తులసీదాసు ఆ చూపును తోటలోకి తెచ్చాడు.

మాట లేదు, వస్తువులే మాట్లాడతాయి

గురువు పూజకు పూలు కోయడానికి రాముడు, లక్ష్మణుడు వస్తారు. గౌరీపూజకు సీత చెలులతో వస్తుంది. ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోరు. అందుకే చెప్పాల్సినదంతా గుర్తుల మీద పడింది.

మొదటిది శబ్దం. మానస్‌లో రాముడికి సీత కనపడకముందే గాజులు, మొలనూలు, అందెల చప్పుడు వినపడుతుంది. మన్మథుడు యుద్ధభేరి మోగించినట్టుంది అని తమ్ముడితోనే అంటాడు.

రెండోది రెప్ప. రాముడు సీతను రెప్ప వేయకుండా చూస్తాడు. తులసీదాసు ఇక్కడ నిమి చక్రవర్తిని గుర్తుచేస్తాడు. పురాణం ప్రకారం ఆయన అందరి కనురెప్పల మీద ఉంటాడు. మనం రోజూ వాడే 'నిమిషం' అనే మాటకు మొదటి అర్థం రెప్పపాటే. ఆ నిమి జనకుడి వంశానికి మూలపురుషుడు, అంటే సీతకు తాత వరస. మనవరాలిని చూసే చూపుకు అడ్డుగా ఉండటం బాగుండదని సిగ్గుపడి రెప్పల మీద నుంచి తప్పుకున్నాడట! ఇంట్లో పెద్దవాళ్లు మెల్లగా పక్క గదిలోకి వెళ్లిపోవడం గుర్తొచ్చింది నాకు. కవి ఉపమానంతో చేసిన ఈ పనిని సీరియల్ క్లోజప్‌తో చేస్తుంది.

మూడోది దండ. సీత గౌరిని మొక్కుకుంటుంది. తన కోరిక ఏంటో పైకి చెప్పదు. అమ్మవారి మెడలోని దండ జారుతుంది, విగ్రహం నవ్వుతుంది. మన పెళ్లిళ్లలో కూడా పెళ్లికూతురిని మండపానికి తేవడానికి ముందు గౌరీపూజ చేయిస్తారు కదా. కాకపోతే వరుస చూడండి. మనకు గౌరీపూజ అయ్యాక, మధ్యలో పట్టిన తెర తీశాక చూపు. ఇక్కడ చూపు ముందు, మొక్కు తర్వాత.

ఇప్పుడు విల్లు సీన్ చూడండి

కోడ్‌లో రెండు లైన్లు అటూఇటూ చేస్తే అవుట్‌పుట్ మారినట్టే, ఈ వరుస మారితే కథ మారుతుంది. వాల్మీకిలో విల్లు రాముడికి పరీక్ష. తోట సీన్ తర్వాత అది సీతకు భయం. ఎందుకంటే ఆమె మనసు ఎవరి మీద ఉందో మనకు తెలుసు, కానీ ఆ విషయం సభలో ఎవరూ అడగరు. ఇంకెవరైనా విల్లు ఎత్తితే ఆమె వాళ్లతోనే వెళ్లాలి. మానస్‌లో సీత తండ్రి పట్టిన పంతం ఎంత కఠినమో అని లోలోపల బాధపడుతుంది. రాముణ్ణి చూసి తేలికైపో అని ఆ వింటినే వేడుకుంటుంది. ఇంతకంటే ఒంటరి ప్రార్థన ఏముంటుంది? మనిషిని అడిగే వీలు లేక వస్తువును అడుగుతోంది.

లాక్‌డౌన్‌లో ఈ సీన్ వస్తుంటే అమ్మ అన్న మాట: "గా పిల్లకు ఇష్టమని మనకు ఎర్కనే గద బిడ్డా. వాళ్ల నాయినకే ఎర్క లేదు." నాకు ఈ వ్యాసం మొత్తం ఆ రెండు వాక్యాల్లోనే ఉందనిపిస్తుంది.

కాబట్టి తులసీదాసు సీతకు ఎంచుకునే హక్కు ఇచ్చాడని చెప్పలేం. పందెం పందెంలాగే ఉంది. ఆయన ఇచ్చింది ఇష్టం. ఇష్టం ఉండి, దాన్ని అడిగేవాళ్లు లేకపోతే ఎలా ఉంటుందో చూపించాడు. రాముడి వైపు చూడండి, తేడా తెలుస్తుంది. తోటలో జరిగింది తమ్ముడితో చెప్పగలిగాడు, వెళ్లి విశ్వామిత్రుడికీ దాచకుండా చెప్పేశాడు, ఆశీర్వాదం కూడా దొరికింది. సీతకు విగ్రహం నవ్వే దిక్కు.

ఇప్పటి పెళ్లిచూపుల్లో కూడా కట్నం, ఉద్యోగం, జాతకం అన్నీ అయ్యాక చివర్లో "అమ్మాయికి ఇష్టమేనా?" అని అడుగుతారు. అప్పటికి ఆ ప్రశ్నకు 'కాదు' అనే జవాబు చెప్పే వీలు ఎంత మిగులుతుంది?

వీలైతే ఈ రెండు సీన్లూ వరుసగా చూడండి. విల్లు విరిగేటప్పుడు రాముడి చేతుల మీద కాకుండా సీత ముఖం మీద దృష్టి పెట్టండి. తర్వాత మీకు ఏమనిపించిందో వచ్చే మీటింగ్‌లో మాట్లాడుకుందాం. ముఖ్యంగా ఒక ప్రశ్న: తోట సీన్ తీసేస్తే ఆ ముఖంలో మనం ఏం చదవగలం?