బంతికి బంతే అడ్డం

డీన్ కేమెన్ స్థాపించిన ఫస్ట్ సంస్థ అమెరికాలో 1992 నుంచి హైస్కూలు పిల్లలకు రోబోల పోటీ నడుపుతోంది. ఏటా జనవరిలో కొత్త ఆట ప్రకటిస్తారు. కొన్నేళ్లు అది బంతులాట అవుతుంది. 2012లో ఫోమ్ బాస్కెట్‌బాళ్లు, 2020లో ఏడంగుళాల పసుపు ఫోమ్ బంతులు, 2022లో తొమ్మిదిన్నర అంగుళాల పెద్ద టెన్నిస్ బంతులు. అలాంటి ఏడాది పిల్లల ధ్యాసంతా బంతిని విసిరే షూటర్ మీదే ఉంటుంది. మెంటర్‌గా నేను చూసినంతలో మాత్రం, చేతికందిన మ్యాచ్ ఎక్కువగా జారిపోయేది నేల మీది బంతిని షూటర్ దాకా మోసే కన్వేయర్ దగ్గరే. అది కట్టబోయే పిల్లల కోసం ఈ పాఠాలు. 2020 ఆటనే ఉదాహరణగా తీసుకుంటాను. అందులో రోబో ఒకసారికి అయిదు బంతులు ఉంచుకోవచ్చు.

1. ఒక్క బంతితో చేసిన పరీక్షను నమ్మకండి

ఖాళీ కన్వేయర్‌లో ఒక్క బంతి ఎలాగైనా పైకి పోతుంది. అది చూసి పని అయిపోయిందనుకోవద్దు. అయిదు బంతులూ ఒకదాన్నొకటి తాకేలా ఒకేసారి పోయండి. మీ డిజైన్ బలమెంతో అప్పుడు తేలుతుంది.

2. బంతి దొర్లుతోందో, తిరగకుండా సాగుతోందో చూడండి

ఒకవైపు బెల్టు, ఎదురుగా కదలని పలక ఉంటే బంతి దొర్లుకుంటూ బెల్టు వేగంలో సగంతోనే పోతుంది. బల్ల మీద పెన్సిల్ పెట్టి, అరచేతిని దాని మీద పది సెంటీమీటర్లు జరపండి. పెన్సిల్ అయిదే కదులుతుంది. రెండువైపులా ఒకే వేగంతో బెల్టులుంటే బంతి తిరగదు, బెల్టుతో సమానంగా సాగుతుంది. మొదటి పద్ధతి తేలిక. రెండోదానికి బరువూ ఖర్చూ ఎక్కువ. ఏదైనా సరే, తెలిసి ఎంచుకోండి. తర్వాతి చిక్కంతా దీన్నుంచే పుడుతుంది.

3. తాకిన బంతులు ఒకదాన్నొకటి ఆపుతాయి

వరసలో దొర్లే బంతులన్నీ ఒకే దిశలో తిరుగుతాయి. అందుకే రెండు బంతులు తాకినచోట ఒకదాని ఒళ్లు పైకి, రెండోదాని ఒళ్లు కిందికి రాసుకుంటుంది. ఫోమ్‌కు పట్టు ఎక్కువ. దాంతో బెల్టు జారుతుంది, మోటారు మూలుగుతుంది, వరస మొత్తం బిగుసుకుపోతుంది. రెండువైపులా బెల్టులు పెడితే ఈ తిరుగుడే ఉండదు. ఒకే బెల్టు చాలనుకుంటే ఎదుటి పలకను నున్నటి పాలీకార్బనేట్‌తో చేయండి, బంతి దొర్లే బదులు జారుతుంది. లేదా బంతుల మధ్య ఎడం ఉంచండి. లోపలికొచ్చే దారిలో కాంతి సెన్సార్ పెట్టి, బంతి అడ్డొచ్చినప్పుడు మాత్రమే, అది తన పొడవుకన్నా కాస్త ఎక్కువ జరిగేదాకా బెల్టును నడిపి ఆపండి. ఆ ఎడం షూటర్‌కూ మేలు చేస్తుంది. ఒక బంతిని విసరగానే, దాన్ని విసిరే చక్రం (ఫ్లైవీల్) వేగం తగ్గుతుంది. అది కోలుకునేదాకా రెండో బంతి రాకూడదు.

4. గరాటు రెండువైపులా ఒకేలా ఉండకూడదు

కన్వేయర్‌లోకి దారితీసే గరాటు ఇరుకు మూతి దగ్గరికి రెండు బంతులు ఒకేసారి వస్తే, ఒకదానికొకటి ఆనుకుని, గోడలకు తన్నిపెట్టి ఆగిపోతాయి. వెనకనుంచి ఎంత నెడితే అంత బిగుస్తాయి. ఇక్కడ పెద్ద మోటారు పనికిరాదు. ఒకవైపు రోలర్‌ను వేగంగా, రెండోవైపుదాన్ని నెమ్మదిగానో వెనక్కో తిప్పండి. ఒక బంతి ముందుకూ, ఇంకోటి వెనక్కూ పోయి దారి తెరుచుకుంటుంది.

5. బంతిని ఎక్కడా దిక్కులేకుండా వదలకండి

ఒక రోలర్ వదిలేలోపే తర్వాతిది అందుకోవాలి. ముఖ్యంగా మలుపుల దగ్గర చూసుకోండి. కన్వేయర్ బొమ్మను అసలు కొలతతో అట్టమీద గీసి, ఏడంగుళాల బిళ్లను దాని మీద అంగుళం అంగుళం జరపండి. ఆగిన ప్రతిచోటా "ఇప్పుడు దీన్ని నెట్టేదేది?" అని అడగండి. జవాబు దొరకనిచోటే మ్యాచ్‌లో బంతి ఆగుతుంది.

6. నొక్కుడును చేత్తో సరిచూడండి

బంతి కన్నా దారి కాస్త ఇరుకుగా ఉంటేనే బెల్టుకు పట్టు దొరుకుతుంది. ఏడంగుళాల ఫోమ్ బంతికి అరంగుళం ఇరుకుతో మొదలుపెట్టండి. నమూనాను ప్లైవుడ్‌తో చేసి, గోడ బోల్టులకు పొడుగాటి గాడులు కొడితే దూరం మార్చడం నిమిషాల పని. నొక్కుడు చాలకపోతే బంతి జారుతుంది, ఎక్కువైతే మోటారు కరెంటు తాగేస్తుంది, ఫోమ్ చిరుగుతుంది. కొత్త బంతులతోనూ, ఆటలో నలిగిన బంతులతోనూ పరీక్షించండి.

7. వెనక్కి తిప్పే బటన్ మొదటిరోజే పెట్టండి

2020 ఆటలో మ్యాచ్ మొత్తం 150 సెకన్లు. ఇరుక్కున్న బంతిని బయటికి కక్కించే వీలు లేకపోతే మిగతా సమయమంతా వృథా. లోపల జరిగేది కనబడేలా పారదర్శకమైన పలక వాడండి. ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీయండి. కంటికి ఆనని తాకిడి అందులో దొరుకుతుంది.

8. పెద్దలకు ఒక మాట

బంతి ఇరుక్కోగానే మన చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోతుంది. పోనివ్వకండి. ఎక్కడ ఆగింది, ముందు ఏ బంతి దేన్ని తాకింది, ఏది ఎటు తిరుగుతోంది అని పిల్లలనే అడగండి. కారణం వాళ్ల నోటితో చెప్పాకే మార్పు చేయనివ్వండి. ఆ రోజు పని ఆలస్యమైతే కానివ్వండి. పోటీ మైదానంలో మనం పక్కన ఉండి బాగుచేయలేం. అక్కడ అక్కరకొచ్చేది వాళ్లు సొంతంగా వెతికి పట్టుకున్న కారణమే.