కారు బీమా ఫారం: దాచకూడని పాత సంగతులు

"ఎప్పుడో ప్రమాదంలో దెబ్బలు తగిలి నష్టపరిహారం తీసుకున్నాం. ఇప్పుడు కారుకు బీమా చేయిస్తూ ఆ సంగతి చెప్పాలా?" అని చాలామంది అడుగుతుంటారు. చెబితే ప్రీమియం పెరుగుతుందని భయం. చెప్పకపోతే రేపు క్లెయిమ్ రాదేమోనని అనుమానం. ఈ చిక్కు విడిపోవాలంటే ప్రమాదం తర్వాత చేతికొచ్చే డబ్బు ఎన్ని రకాలో ముందు తెలుసుకోవాలి.

మొదటి రకం, మన కారు దెబ్బతింటే మన పాలసీ నుంచే తీసుకునే మరమ్మతు సొమ్ము. రెండవ రకం, ఎదుటి వాహనం వల్ల మనం గాయపడితే, ట్రిబ్యునల్ తీర్పు మేరకు ఆ వాహనపు బీమా సంస్థ చెల్లించే నష్టపరిహారం.

మొదటి రకం సొమ్ము తీసుకుంటే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, తర్వాత వరుసగా 25, 35, 45, అయిదేళ్లకు 50 శాతం తగ్గింపు ఇస్తారు. ఇది సొంత వాహన నష్టానికి కట్టే ప్రీమియంలో మాత్రమే. థర్డ్ పార్టీ ప్రీమియానికి ఇది వర్తించదు.

రెండవ రకం సొమ్ము మన పాలసీ మీద తీసుకున్నది కాదు. రోడ్డు దాటుతుండగా లారీ తగిలి గాయపడిన మనిషికి పరిహారం వచ్చిందనుకుందాం. ఆ కారణంగా అతని కారు బోనస్ తగ్గదు. అయితే ఫారంలో వేరే ప్రశ్నలుంటాయి: నడిపే వ్యక్తికి చూపు, వినికిడి లోపంగాని, శారీరక లోపంగాని ఉందా? ఇదివరకు ప్రమాదానికి కారకుడయ్యాడా? ఆ లారీ దెబ్బకు కాలు సరిగా వంగకుండా పోయి ఉంటే మొదటి ప్రశ్నకు "ఉంది" అనే రాయాలి. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు జవాబివ్వడమే సూత్రం. అర్థం కాని ప్రశ్న ఉంటే ఆ సంస్థనే రాతపూర్వకంగా అడగాలి.

ఇప్పుడు చిన్న లెక్క. సొంత వాహన నష్టపు ప్రీమియం 8,000 రూపాయలనుకోండి. పాత క్లెయిమ్ దాచి 50 శాతం బోనస్ తీసుకుంటే మిగిలేది 4,000. సంస్థ మారేటప్పుడు "క్లెయిమ్ లేదు" అని మనం సంతకం పెట్టే ప్రకటన అబద్ధమని తేలితే కారు నష్టానికి రావలసిన సొమ్ము మొత్తం పోవచ్చు. కొత్త సంస్థ పాత సంస్థను అడిగి తెలుసుకోగలదు. 1,50,000 రూపాయల మరమ్మతు బిల్లు వస్తే, ఆ 4,000 కోసం 1,50,000 పోగొట్టుకున్నట్టే.

ఇంకో ప్రమాదమూ ఉంది. ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారని వాదించే హక్కును మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ బీమా సంస్థకు ఇచ్చింది. ఆ వాదన నెగ్గితే, మన కారు వల్ల గాయపడినవారికి ఇవ్వవలసిన పరిహారపు భారం చివరికి మన ఇంటి మీదే పడవచ్చు.

చాలా ఇళ్లలో ఫారం నింపేది ఏజెంటు, సంతకం మాత్రం మనది. జవాబుదారీ సంతకం పెట్టినవారిదే. ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పడం కూడా సంతకంతో సమానమేనని గుర్తుంచుకోవాలి.

పాఠకులకు ఇంటి పని: ఈ రోజే మీ పాలసీ కాగితం బయటికి తీయండి. అందులో బోనస్ ఎంత శాతమని ఉందో చూసి, కిందటి ఏడాది క్లెయిమ్ చేశారో లేదో సరిపోల్చుకోండి. తేడా కనిపిస్తే ప్రమాదం జరగకముందే సంస్థకు ఉత్తరం రాసి, అందినట్టు రసీదు తీసుకోండి.