వెతకని చోట కనిపించిన తిత్తి

థియేటర్‌లో నా పక్కన నిలబడే పీజీ పిల్లలకు ఏటా చెప్పే మాటలివి.

1. అపెండిక్స్ కోసం పొట్ట తెరుస్తారు. అది మామూలుగా కనిపిస్తే కుట్లు వేసేయకండి. చిన్నపేగు చివరి భాగాన్ని పెద్దపేగు దగ్గర మొదలుపెట్టి వేళ్ల మధ్య జరుపుతూ కనీసం రెండడుగులు చూడండి. ఇంట్లోవాళ్లు ‘ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి’ అన్నదానికి మూలం మెకెల్ తిత్తి కావచ్చు. నూటికి ఇద్దరిలో అది పుట్టుకతోనే ఉంటుంది.

2. తిత్తి పేగుకు ఏ అంచున ఉందో చూడండి. మెకెల్‌ది మెసెంటరీకి ఎదురు అంచు. జెజునమ్‌లో పెద్ద వయసులో వచ్చేవి మెసెంటరీ వైపే, రక్తనాళాలు పేగులోకి దూరే బలహీనమైన చోట్ల పుట్టి కొవ్వులో దాక్కుంటాయి. ఒకటి కనిపిస్తే ఇంకా ఉంటాయని వెతకండి.

3. తీయాలా, వదలాలా? ఇబ్బంది పెట్టని మెకెల్ తిత్తి గురించి సర్జన్లు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. మేయో క్లినిక్ వాళ్లు 1476 మంది రోగులను పరిశీలించి 2005లో నాలుగు గుర్తులు చెప్పారు: వయసు 50 లోపు, మగవారు, పొడవు రెండు సెంటీమీటర్లు దాటడం, లోపల వేరే కణజాలం ఉండడం. 2008లో వచ్చిన మరో సమీక్ష ఒక్క మరణాన్ని ఆపడానికి 758 మందికి కోయాల్సి వస్తుందని లెక్కగట్టింది. ఈ రెండూ మనసులో పెట్టుకునే నేను కత్తి పట్టుకుంటాను. కుర్రవాడిలో గట్టిగా తగిలే తిత్తిని తీస్తాను. డెబ్బై దాటిన అమ్మలో మెత్తగా, వెడల్పు మూతితో ఉన్నదాన్ని ముట్టుకోను. పొట్టంతా చీము పట్టి ఉంటే పేగు మీద అనవసరంగా ఇంకో కుట్టు వేయను. రక్తస్రావం కోసమే తెరిచినప్పుడు మాత్రం తిత్తితో సరిపెట్టకండి. పుండు తరచుగా పక్కనున్న ఇలియమ్‌లో ఉంటుంది, ఆ ముక్క కూడా తీయాలి.

4. డుయోడినమ్‌లో బాధించని తిత్తి జోలికి వెళ్లొద్దు. పిత్తనాళం, పాంక్రియాస్ పక్కనే ఉంటాయి.

5. వదిలేసినా సరే, రాయండి. ఎక్కడ, ఎంత పొడవు, ఏ అంచున, ఎన్ని అన్నీ డిశ్చార్జ్ కాగితంలో ఉండాలి. బయట కూర్చున్న బంధువులకు చెప్పి ఊరుకోకండి. మత్తు పూర్తిగా దిగాక రోగికే, వారికి అర్థమయ్యే తెలుగులో చెప్పండి. జెజునమ్ తిత్తుల్లో బ్యాక్టీరియా పెరిగి, ఏళ్ల తరువాత విరేచనాలు, బి12 లోపంతో రక్తహీనత రావచ్చు. అప్పుడు ఏ ఊళ్లోనో ఉన్న ఫిజీషియన్‌కు ఆ కాగితంలోని ఒక్క వాక్యం చాలు, అక్కర్లేని పరీక్షలెన్నో తప్పుతాయి.