పాండా మొక్క ఆకులు మెత్తబడి రాలుతుంటే...

ప్రశ్న: వానాకాలం మొదలయ్యాక మా పాండా మొక్క కింది ఆకులు మెత్తబడి రాలిపోతున్నాయి. రోజూ నీళ్లు పోస్తున్నాం. ఏం చేయాలి?

జవాబు: పాండా మొక్క స్వస్థలం మడగాస్కర్. దీని మందపాటి ఆకులు నీటిని దాచుకుంటాయి. ఆకుల మీది నూగు ఎండ తాకిడిని తగ్గించి, నీరు ఆవిరి కాకుండా కాపాడుతుంది. అందుకే దీనికి రోజూ నీరు అక్కర్లేదు. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే గాలి అందక వేర్లు కుళ్లుతాయి. ఆకులు మెత్తబడటానికి ముఖ్య కారణం ఇదే.

ముందు నీరు ఆపాలి. మొక్కను బయటికి తీసి, నల్లబడిన వేర్లను కత్తిరించాలి. అడుగున రంధ్రమున్న కుండీలో మట్టి, ముతక ఇసుక సమపాళ్లలో కలిపి మళ్లీ నాటాలి. వాన తగలని, ఉదయపు ఎండ పడే చోట ఉంచాలి. మట్టి పూర్తిగా ఆరాకే, ఆకులు తడవకుండా మొక్క మొదట్లో నీరు పోయాలి. ఆకుల సందుల్లో పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి.

కాండం మొదలు నల్లబడితే పైనున్న మంచి కొమ్మను కోసి, కోత ఆరాక ఇసుక మట్టిలో నాటాలి. అయినా కుళ్లు ఆగకపోతే ఉద్యాన అధికారికి మొక్కను చూపించాలి. ఈ ఆకులు పిల్లులకు, కుక్కలకు విషం. అవి తింటే వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.